పిల్లల నవలకు పెద్దల మార్కులు

అరవై ఆరేళ్ల వయసులో ఒక పిల్లల నవల మీద నాకు గట్టి అభిప్రాయం ఏర్పడింది. వారం తిరక్కుండానే ఎనిమిదేళ్ల మనవరాలు దాన్ని ఒక్క ప్రశ్నతో కదిపేసింది. ఆ ప్రశ్న దగ్గరికి రావాలంటే కాస్త చుట్టు తిరగాలి. నా అభిప్రాయం ఒక్క పుస్తకం గురించే. ఆ పిల్ల ప్రశ్న నన్ను అంతకంటే పెద్ద చిక్కులో పడేసింది: పిల్లల నవల బాగుందో లేదో చెప్పడానికి పెద్దవాళ్లకున్న అర్హత ఏపాటిది?

పిల్లల నవల రాసేది పెద్దవాళ్లు. బొమ్మలు వేసేదీ, అచ్చు వేసేదీ, వెల కట్టేదీ వాళ్లే. పుస్తకాల షాపులో నాలుగు పేజీలు తిరగేసి, ‘ఇది మావాడికి పనికొస్తుంది’ అని కొనేది అమ్మానాన్నలు. బహుమతులిచ్చే కమిటీల్లో కూర్చునేదీ తలపండినవాళ్లే. పెళ్లికూతురు తప్ప తక్కిన బంధువులంతా వెళ్లి పెళ్లికొడుకుని ఖాయం చేసుకొచ్చినట్టుంటుంది వ్యవహారం. తీరా పుస్తకం పిల్లల చేతికొచ్చేసరికి అట్ట మీద పతకం బొమ్మ, వెనకాల మెచ్చుకోళ్లు సిద్ధంగా ఉంటాయి. వాళ్లకు నచ్చకపోతే తప్పు వాళ్ల నెత్తినే పడుతుంది. ‘ఈ కాలం పిల్లలు చదవరండీ’ అనేసి మనం చేతులు దులుపుకుంటాం.

పావురం కథ

నేను చదివింది ధనగోపాల్ ముఖర్జీ ‘గే-నెక్’. 1890లో కలకత్తా దగ్గరి ఒక పల్లెలో పుట్టిన ముఖర్జీ, ఇరవయ్యేళ్ల ప్రాయంలో జపాన్ మీదుగా అమెరికా చేరాడు. అన్న జాదూగోపాల్ ఇక్కడ బెంగాల్ విప్లవోద్యమంలో ఉంటే, తమ్ముడు అక్కడ ఇంగ్లీషులో రాసుకుంటూ బతికాడు. ఈ నవల 1927లో వచ్చింది. మరుసటి ఏడాది, 1928లో, దీనికి న్యూబెరీ పతకం ఇచ్చారు. అమెరికాలో పిల్లల పుస్తకానికి అంతకు మించిన గౌరవం లేదు. దాన్ని అందుకున్న మొదటి భారతీయుడు ముఖర్జీయే. తెలుగులోకి దాసరి అమరేంద్ర ‘చిత్రగ్రీవం’ పేరుతో తెచ్చారు. కథలో పావురం అసలు పేరు కూడా అదే. మెడ మీద రంగులు మెరుస్తాయి కాబట్టి చిత్రగ్రీవం.

ఇంగ్లీషు పుస్తకానికి బొమ్మలు వేసిన బోరిస్ ఆర్ట్సిబాషెఫ్ ఖార్కోవ్‌లో పుట్టి అమెరికా వలస వెళ్లినవాడు. బెంగాలీ మాటా రష్యన్ గీతా కలిసిన పుస్తకం. రష్యన్ ఇంజినీర్ల చేతుల మీదుగా లేచిన భిలాయిలో పుట్టి పెరిగిన నాకు ఆ కలయిక కొత్తగా అనిపించలేదు.

కథ కలకత్తాలో ఒక డాబా మీద మొదలవుతుంది. పావురాలు పెంచుకునే కుర్రాడు మనకు కథ చెబుతుంటాడు. గుడ్డు, పిల్ల, రెక్కలు రావడం, ఎగరడానికి జంకుతున్న పిల్లను తండ్రి పావురం గోడ అంచు నుంచి తోసేయడం, ఇవన్నీ తీరిగ్గా సాగుతాయి. తర్వాత హిమాలయాలు, ఘోండ్ అనే ముసలి వేటగాడు, డేగల దాడి. ఆ దాడితో పావురానికి భయం పట్టుకుంటుంది, ఇక ఎగరలేదు. కొండ మీది బౌద్ధ మఠంలో లామా ఆ భయాన్ని వదిలిస్తాడు. ఆపైన మొదటి ప్రపంచ యుద్ధం. ఘోండ్ పావురాన్ని ఫ్రాన్సు రణరంగానికి తీసుకెళ్తాడు. అక్కడది గుండ్ల మధ్య కబుర్లు మోస్తుంది, గాయపడుతుంది, తోటి పావురాన్ని పోగొట్టుకుంటుంది. పక్షీ మనిషీ ఇద్దరూ చెదిరిపోయిన మనసులతో తిరిగొస్తారు. మళ్లీ మఠమే వాళ్లను నిలబెడుతుంది.

చదవడం ముగించి నోటుబుక్కులో నా అభిప్రాయం రాసుకున్నాను. రెండు మెచ్చుకోళ్లు, రెండు ఫిర్యాదులు. మొదటి మెచ్చుకోలు, అక్కడక్కడా కుర్రాడు తప్పుకుని పావురమే తన కథ తాను చెప్పుకోవడం. ఆకాశం నుంచి చూస్తే భూమి ఎలా ఉంటుందో, తుపాకీ మోత పక్షి చెవికి ఎలా వినిపిస్తుందో అప్పుడు తెలుస్తుంది. రెండో మెచ్చుకోలు, భయాన్ని జబ్బుగా చూసిన తీరు. పావురానికి రెక్క బాగానే ఉంది, లోపల ఏదో విరిగింది. మఠంలోని ఆ పుటలు ఈ నవలకు గుండెకాయ అని రాసుకున్నాను.

మొదటి ఫిర్యాదు, ముఖర్జీ అమెరికా పిల్లలను ఎదురుగా పెట్టుకుని రాశాడు. మన ఇళ్లలో ఎవరూ వివరించనక్కర్లేని ఆచారాలను ఆగి ఆగి వివరిస్తాడు. ఆ వాక్యాల దగ్గర మనింటి ముచ్చట మనకే ఎవరో పరిచయం చేస్తున్నట్టు ఇబ్బందిగా ఉంటుంది. రెండో ఫిర్యాదు, డాబా మీది మొదటి అధ్యాయాలు సాగుతున్నాయి. ‘పావురాల పెంపకం పాఠం; సగం తీసేసినా నవలకు నష్టం లేదు’ అని కింద గీత కూడా గీశాను.

తర్వాత మనవరాలికి చదివి వినిపించడం మొదలుపెట్టాను. ఆ పిల్ల తెలుగు మాట్లాడుతుంది, అక్షరాలు రావు. మొదటి పేజీలోనే అడ్డం పడింది. పావురం అంటే ఏమిటంటుంది. కబూతర్ అన్నాను, సరే అంది. డేగ దగ్గర మళ్లీ ఆగాం. ‘బాజ్’ అనేసరికి కళ్లు పెద్దవయ్యాయి. తమాషా ఏమిటంటే, ముఖర్జీ కూడా ఇంగ్లీషు వాక్యం మధ్యలో ఆ పక్షిని బాజ్ అనే పిలిచాడు. అమెరికా పిల్లల కోసం వదిలిన మాట, తొంభై ఏళ్లు దాటాక, భిలాయిలో తెలుగు పిల్లకు అక్కరకొచ్చింది.

అప్పుడొచ్చింది గుడ్డు ఘట్టం. కుర్రాడు గూడు శుభ్రం చేద్దామని గుడ్లను తీస్తుంటాడు. తండ్రి పావురం దొంగనుకుని మొహం మీదికి దూకుతుంది. ఆ కంగారులో ఒక గుడ్డు చేజారి పగిలిపోతుంది. నేను సగం తీసేయొచ్చన్న పుటల్లోదే అది. పిల్ల నా చెయ్యి పట్టుకుని ఆపింది.

“వాళ్లమ్మకి చెప్పాడా తాతయ్యా?”

“ఏ విషయం?”

“గుడ్డు పగలగొట్టినట్టు.”

ఆ వాక్యం మీదుగా నేను రెండుసార్లు నడిచి వెళ్లాను. తండ్రి పక్షి ప్రేమ కనిపించింది, ముందు జరగబోయేదానికి సూచన కనిపించింది. ఒక పిల్లాడు తప్పు చేశాడనీ, ఇప్పుడు వాడికి ఇంటికెళ్లే దారి ఒకటి కావాలనీ తట్టలేదు. ఆ ఘట్టం మళ్లీ చదవమంది. మూడోరోజు మళ్లీ చదివించుకుంది. నా గుండెకాయ, అంటే మఠం అధ్యాయం, వచ్చేసరికి నిద్రపోయింది. యుద్ధం దగ్గర లేచి, “అటువైపు వాళ్లకీ కబూతర్లు ఉంటాయా?” అని అడిగింది. ఉంటాయన్నాను. “అయితే అవీ భయపడతాయి కదా” అంది.

పతకాల లెక్క

పెద్దల తీర్పు తడబడడం ఇవాళ్టి సంగతి కాదు. న్యూబెరీ పతకం మొదటిసారి 1922లో ఇచ్చారు. పద్దెనిమిదో శతాబ్దంలో లండన్‌లో పిల్లల పుస్తకాలు అమ్మి బతికిన జాన్ న్యూబెరీ పేరు దానికి పెట్టారు. ఇచ్చేది అమెరికా గ్రంథాలయ సంఘం. తీర్పు చెప్పేవాళ్లలో రోజూ పిల్లల మధ్య మసిలే లైబ్రేరియన్లే ఎక్కువ. అంత దగ్గరగా ఉన్నవాళ్లకు కూడా 1953లో ఏం జరిగిందో చూడండి. ఆ ఏడు పతకం పెరూ కొండల్లో లామా జంతువులను కాచే కుర్రాడి కథ ‘సీక్రెట్ ఆఫ్ ది ఆండీస్’కు వెళ్లింది. పందిపిల్లకూ సాలీడుకూ మధ్య స్నేహం కథ ‘షార్లెట్స్ వెబ్’ రెండో వరసలో నిలబడింది. ఇవాళ ప్రపంచమంతటా పిల్లలు చదువుతున్నది ఆ రెండో వరస పుస్తకాన్నే. మొదటిది ఎవరు రాశారంటే చెప్పగలిగేవాళ్లు తక్కువ.

దాన్నిబట్టి ఆ కమిటీ మూర్ఖపుదనడం తేలిక. కానీ వాళ్లు ఏం చూసి ఉంటారో ఊహించవచ్చు. దూరదేశం, గంభీరమైన వస్తువు, పూర్వుల వారసత్వం, నిదానమైన గద్యం. మార్కులు వేయమంటే నేనూ వాటికే వేస్తాను. మఠం అధ్యాయానికి వేశాను కదా! పందిపిల్లను వేటు నుంచి తప్పించడానికి సాలీడు గూటిలో అక్షరాలు అల్లుతుందంటే ఎవరైనా ముందు నవ్వేస్తారు. ఆ నవ్వు వెనక చావు గురించి ఎంత నిజం ఉందో తెలియాలంటే ఆ పందిపిల్ల బతకాలని కోరుకుంటూ చదవాలి. మార్కుల కాగితం ముందు పెట్టుకున్నవాడికి ఆ కోరిక పుట్టడం కష్టం.

ఈ అసంతృప్తి అమెరికాలో చాలాకాలంగా ఉంది. బాలసాహిత్య విమర్శకురాలు అనితా సిల్వీ 2008లో స్కూల్ లైబ్రరీ జర్నల్‌లో, న్యూబెరీ దారి తప్పిందా అని సూటిగా అడుగుతూ వ్యాసం రాస్తే పెద్ద చర్చే నడిచింది. ఒక పక్షం, పిల్లలు ముట్టని పుస్తకానికి పతకమెందుకంది. రెండో పక్షం, జనం మెచ్చింది ఎలాగూ అమ్ముడుపోతుంది, ఎవరూ చూడని మంచిదాన్ని చూపించడమే పతకం పని అంది. రెండో మాటను తీసిపారేయలేం. పతకం లేకపోతే 1927 నాటి పావురాన్ని నేను చదివేవాణ్నే కాదు.

ఇంగ్లండులో 1936లో మొదలైన కార్నెగీ పతకం ఈ చిక్కుకు ఒక మధ్యేమార్గం చూపింది. తొలి కార్నెగీ ఆర్థర్ రాన్సమ్ ‘పిజియన్ పోస్ట్’కు దక్కింది. రెండు దేశాల్లోనూ పావురాలకు కలిసొచ్చినట్టుంది! అక్కడ తీర్పు పెద్దలదే. కానీ ఏటా వేలమంది బడిపిల్లలు గుంపులుగా కూర్చుని ఎంపికైన పుస్తకాల జాబితా చదివి, తమ అభిప్రాయం తాము చెబుతారు. పెద్దల జాబితా ఒకటి, పిల్లల జాబితా ఒకటి పక్కపక్కన ఉంటాయి. రెండూ కలవని చోటే అసలు చర్చ మొదలవుతుంది.

తెలుగులో నవల ఏది?

మన దగ్గర చర్చ అంతదాకా రాలేదు. కారణం, వాదించుకోవడానికి నవలలే తక్కువ. కేంద్ర సాహిత్య అకాడమీ 2010లో బాల సాహిత్య పురస్కారం మొదలుపెట్టింది. తొమ్మిది నుంచి పదహారేళ్ల పిల్లల పుస్తకాలకు యాభై వేల రూపాయలూ ఒక తామ్రఫలకమూ ఇస్తారు. తెలుగులో తొలి పురస్కారం నవలకే వచ్చింది. అప్పటి చిత్తూరు జిల్లా పాకాలకు చెందిన ఉపాధ్యాయుడు కలువకొలను సదానంద రాసిన ‘అడవి తల్లి’ అది. ఆరంభం చూసి మురిసినవాళ్లు ఆ తర్వాత నవల పేరు అరుదుగానే విన్నారు. 2024లో పి. చంద్రశేఖర ఆజాద్ ‘మాయాలోకం’ నవలకు ఇచ్చారు.

మధ్యలో ఎక్కువగా కథలూ గేయాలూ. డి. సుజాతాదేవి ‘ఆటలో అరటిపండు’, దాసరి వెంకటరమణ ‘ఆనందం’, కన్నెగంటి అనసూయ ‘స్నేహితులు’, డి.కె. చదువుల బాబు ‘వజ్రాల వాన’ కథల పుస్తకాలు. పత్తిపాక మోహన్ ‘బాలల తాతా బాపూజీ’ గేయాలు. దేవరాజు మహారాజు ‘నేను అంటే ఎవరు?’ నాటిక. వీటి మంచిచెడ్డలు వేరే వ్యాసం. నవల మాత్రం పలచబడింది. పత్రికల్లో పిల్లల పేజీ అంటే ఒక్క పేజీయే. అందులో పట్టేది ఒక చిన్న కథ, చివర ఒక నీతి. వంద పేజీల పాటు ఒక పిల్లాడి వెంట నడవాలంటే నెలనెలా ధారావాహికకు చోటిచ్చే పత్రిక ఉండాలి. ఆ పత్రిక పోయింది.

అది చందమామ అని వేరే చెప్పాలా? 1947లో నాగిరెడ్డి, చక్రపాణి మొదలుపెట్టిన చందమామలో ‘తోకచుక్క’తో మొదలై ‘కంచుకోట’, ‘రాకాసిలోయ’, ‘పాతాళదుర్గం’, ‘శిథిలాలయం’, ‘మాయాసరోవరం’ దాకా ఎన్నో ధారావాహికలు రాసింది దాసరి సుబ్రహ్మణ్యం. పత్రికలో ఆయన పేరుండేది కాదు. శిఖిముఖి, విక్రమకేసరి ఏ లోయలో చిక్కుకున్నారో చెప్పగలిగిన పిల్లల్లో ఎంతమందికి ఆయన పేరు తెలుసు? తెలుగు పిల్లలు నెల నెలా ఎదురుచూసి చదివిన నవలలు అవి. వాటికి ఏ కమిటీ మార్కులు వేయలేదు. ఆయన 2010లో కన్నుమూశారు. అకాడమీ బాల సాహిత్య పురస్కారాలు మొదలైందీ ఆ ఏడే.

పిల్లల గొంతుతో రాసిన పుస్తకమల్లా పిల్లలదనుకోవడం మనం చేసే ఇంకో పొరపాటు. ముళ్లపూడి ‘బుడుగు’ పిల్లాడి మాటల్లో ఉంటుంది, అందులో నవ్వించేది మాత్రం పెద్దవాళ్ల లోకం. పిల్లలు దాన్ని చదివి నవ్వుతారు, నలభై దాటాక మళ్లీ చదివి వేరేచోట నవ్వుతారు. అట్ట మీద ‘బాలసాహిత్యం’ అని వేస్తే గడ్డం కాస్త పైకెత్తి చదివే అలవాటు మనది. ఆ ముద్ర లేకుండా వస్తే తోటి పాఠకుల్లా చదువుతాం. పుస్తకం అదే.

రాయపూర్ పెద్దాయన

ఈ మాట నిజమో కాదో చూడ్డానికి మాకు దూరం వెళ్లనక్కర్లేదు. రాజనాంద్‌గావ్‌లో పుట్టి, రాయపూర్‌లో స్థిరపడిన వినోద్ కుమార్ శుక్ల ఛత్తీస్‌గఢ్ నుంచి జ్ఞానపీఠ్ పొందిన మొదటి రచయిత. 2024 సంవత్సరానికి ఇచ్చారు. అంతకుముందు 1999లో ‘దీవార్ మే ఏక్ ఖిడ్కీ రహతీ థీ’ నవలకు సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. అలాంటి రచయిత డెబ్బై దాటాక పిల్లల కోసం రాయడం మొదలుపెట్టారు. ‘హరీ ఘాస్ కీ ఛప్పర్ వాలీ ఝోప్డీ ఔర్ బౌనా పహాడ్’ అనే నవలలో బోలు అనే కుర్రాడున్నాడు. మాట్లాడుతూ ఉంటేనే వాడి కాళ్లు కదులుతాయి, మాట ఆగితే నడకా ఆగుతుంది.

నాకు తెలిసిన హిందీ సాహిత్యాభిమానుల్లో ఆయన పెద్దల నవలల మీద గంటసేపు మాట్లాడేవాళ్లున్నారు. దీని పేరెత్తితే ‘అది పిల్లలదండీ’ అని దాటేస్తారు. నేను మాత్రం ఆయన పెద్దల నవలల్లో కనిపించే గోడా కిటికీ, చిన్న జీతం, వెలుతురు ఇందులోనూ చూశాను. తేడా ఏమిటంటే, ఇక్కడ వింత జరిగినప్పుడు ఎవరూ ఆశ్చర్యపోరు.

పదమూడేళ్ల మనవడికి ఇచ్చాను. వాడికి హిందీ నీళ్లలా వస్తుంది, నా సాయం అక్కర్లేదు. ముప్ఫై పేజీలయ్యాక ఇల్లంతా బోలులా తిరగడం మొదలుపెట్టాడు. గుక్క తిప్పుకోకుండా వాగుతూ వంటింటి దాకా వెళ్లడం, అక్కడ మాట ఆపి రాయిలా నిలబడిపోవడం. వాళ్లమ్మ గరిటె చూపించేదాకా అదే ఆట. నేను గోడనూ కిటికీనీ పట్టుకున్నాను, వాడు నడకను పట్టుకున్నాడు. ఇద్దరికీ పుస్తకం నచ్చింది, కానీ ఇద్దరం చదివింది ఒకే పుస్తకమా అని అనుమానం.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. హిందీ నవల విషయంలో వాడి అభిప్రాయం వాడిదే, నా ప్రమేయం లేదు. తెలుగు నవల దగ్గరికి వచ్చేసరికి పరిస్థితి పూర్తిగా మారిపోతుంది.

భిలాయిలో తెలుగు పుస్తకం

భిలాయి ఉక్కు కర్మాగారానికి సోవియట్ యూనియన్‌తో ఒప్పందం 1955 ఫిబ్రవరి 2న కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసు ప్రారంభించారు. నేనూ ఆ ఏడే పుట్టాను, కాబట్టి ఫర్నేసూ నేనూ ఒక ఈడువాళ్లం. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి పనికొచ్చిన తెలుగువాళ్లు క్యాంపుల్లో, ఖుర్సీపార్‌లో, సెక్టార్ల క్వార్టర్లలో సర్దుకున్నారు. సెక్టార్ 5లో బాలాజీ గుడి కట్టుకున్నారు. ఆ గుడి చూసుకునే సంస్థ పేరు ఆంధ్ర సాహిత్య సమితి. దేవుణ్నీ సాహిత్యాన్నీ ఒకే గొడుగు కింద తెచ్చుకున్నారన్నమాట. దేవుడు స్థిరపడ్డాడు. సాహిత్యానికే మూడో తరంలో లిపి అడ్డమొచ్చింది.

మా నాన్నకు తెలుగు తప్ప మరో లిపి రాదు. నేను హిందీ బడికి వెళ్లాను. ఇంటికి రెండు చందమామలు వచ్చేవి, ఆయనకు తెలుగుది, నాకు హిందీది. 1949 నుంచే హిందీ చందామామ ఉంది. ‘శిథిలాలయం’ వస్తున్నప్పుడు నాకు తొమ్మిది, పదేళ్లు. రెండింటిలోనూ అదే కథ, చిత్రకారుడు ‘చిత్ర’ గీసిన అదే బొమ్మ. హిందీది ఆలస్యమైన నెలలో తెలుగు సంచిక ముందేసుకుని, పాత నెల హిందీ సంచిక పక్కన పెట్టుకుని, బొమ్మల కింద పేర్లు పోల్చి అక్షరాలు పట్టుకునేవాణ్ని. ‘శి’ అంటే ఇది, ‘ఖి’ అంటే ఇది. నాకు ఓనమాలు దిద్దించింది పలక కాదు, శిఖిముఖి. కథలో ఏమవుతుందోనన్న ఆత్రమే లేకపోతే నేనీ వ్యాసం తెలుగులో రాయగలిగేవాణ్ని కాదు.

ఆ రోజుల్లో సోవియట్ పుస్తకాలు కూడా దొరికేవి. మందపాటి కాగితం, రంగు బొమ్మలు, కారుచౌక ధర. నాన్న సెలవుకు ఊరెళ్తే విశాలాంధ్ర పుస్తకాల షాపు నుంచి తెలుగువి తెచ్చేవాడు. రష్యా మంచూ, భిలాయి మే నెల ఎండా ఒకే మంచం మీద కలిసేవి. 1991తో ఆ ధారా ఆగింది.

ఇప్పుడు మా ఇంట్లో తెలుగు చదవగలిగేది నేనొక్కణ్నే. మా అబ్బాయికి బోర్డులు చదివేటంత వచ్చు. పిల్లలకు వినడమే. ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదని ఖుర్సీపార్‌లో ఏ నలుగురిని కదిపినా తెలుస్తుంది. అమెరికాలో సిలికానాంధ్ర మనబడికి వెళ్లే పిల్లల తల్లిదండ్రులూ ఇదే చెబుతారు: మాట ఉంది, చదవడం రావడం లేదు. తానా సంస్థ, మంచి పుస్తకం ప్రచురణ సంస్థ కలిసి పిల్లల పుస్తకాల పోటీలు పెడుతున్నది కూడా ఈ బెంగతోనే. కొత్త పుస్తకాలు రావడం బాగానే ఉంది. వాటిని ఎవరు చదువుతారన్న ప్రశ్న మాత్రం భిలాయిలోనూ, అమెరికాలోనూ ఒకేలా ఉంది.

జవాబు కూడా ఒకటే అనుకుంటాను. పెద్దవాళ్లు చదవాలి, గొంతెత్తి. భిలాయి నుంచి మేం బొబ్బిలి వెళ్లేటప్పుడు విజయనగరం లైను మీద పార్వతీపురం వస్తుంది. ఆ ఊరి రచయిత బెలగాం భీమేశ్వరరావుకు 2019లో అకాడమీ పురస్కారం తెచ్చిన కథల పుస్తకం పేరు ‘తాత మాట వరాల మూట’. నాలాంటి తాతలకు ఆ పేరు తీపిగా ఉంటుంది గానీ, మూట విప్పి చూపించే పని కూడా మన మీదే పడుతుంది.

గొంతెత్తి చదివితే పుస్తకం వేరేగా బయటపడుతుంది. కంటితో జారిపోయిన పొడుగు వాక్యం నాలుకకు అడ్డం పడుతుంది. ఉపదేశం మొదలైన చోట మన గొంతే బడి పంతులు గొంతులా మారిపోతుంది, వినే పిల్ల చూపు ఫ్యాను మీదకు పోతుంది. వర్ణన ఎక్కువైతే రెండు వాక్యాలు దాటేస్తాం. దాటేశామని పిల్లకు తెలిసిపోతుంది, ఎలా తెలుస్తుందో నాకిప్పటికీ అర్థం కాదు. అర్థం కాని మాట దగ్గర ఇంట్లో వాడే మాట వేస్తాం, కథ ఆగదు. ఇక పిల్ల “ఫిర్ క్యా హువా?” అంటే చాలు, ఆ అధ్యాయం నిలబడ్డట్టే.

అందుకని, పెద్దవాళ్ల అభిప్రాయం పనికిరాదనే వాదన నాకు ఒప్పుకోబుద్ధి కావడం లేదు. ముఖర్జీ ఎవరి కోసం రాశాడో, ఏ వాక్యం పరాయివాళ్ల కోసం పెట్టాడో నాకు తెలిసింది. 1914లో పంజాబీ, గూర్ఖా సిపాయిలు ఫ్రాన్సు బురదలో ఎందుకున్నారో మనవరాలికి చెప్పాల్సింది నేనే. ‘అటువైపు కబూతర్లు’ అన్న ప్రశ్న అడగడానికి ముందు యుద్ధమంటే రెండు వైపులుంటాయని ఎవరో ఒకరు చెప్పి ఉండాలి. పెద్దవాడి చదువుకు ఆ పని ఉంది. చిక్కంతా ఒంటరిగా చదివి, తీర్పు రాసి, సంతకం పెట్టేయడంలో ఉంది. కమిటీలో కూర్చునే పెద్దలు మార్కులు వేసేముందు, ఆ పుస్తకంలోంచి పది పుటలు ఒక పిల్లకో పిల్లాడికో చదివి వినిపిస్తే చాలు. ఎక్కడ చెయ్యి పట్టుకుని ఆపారో, ఎక్కడ నిద్రపోయారో కాగితం అంచున రాసుకోవాలి. మఠం అధ్యాయాన్ని తీసేయమని నేనిప్పటికీ అనను. మనవరాలికి పదిహేనేళ్లొచ్చాక ఏదో ఒక రోజున ఆ పుటలు అవసరపడతాయి. అప్పటిదాకా అవి అక్కడే ఉంటాయి.

నోటుబుక్కు తీసి ‘సగం తీసేసినా నష్టం లేదు’ అన్న వాక్యం కొట్టేశాను. కొట్టేస్తుంటే మనవరాలు పక్కకొచ్చి కూర్చుని, వంటింటి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి చెప్పింది. మొన్న కనబడకుండా పోయిన వాళ్లమ్మ పింగాణీ కప్పు ఎక్కడికీ పోలేదట. ముక్కలు గులాబీ కుండీ వెనకాల ఉన్నాయట.

గుడ్డు ఘట్టం మూడుసార్లు ఎందుకు చదివించుకుందో అప్పటికి గాని నాకు వెలగలేదు. వాళ్లమ్మకు ఇంకా తెలీదు. చిత్రగ్రీవం రెండోసారి మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాం.